నా పనిముట్టు గొల్లపల్లిలో నడవలేదు

ఆరేళ్ల కిందట, ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం నేనొక చిన్న పనిముట్టు తయారుచేశాను. రెండు ఫైళ్లు ఇస్తే వాటిలో ఎక్కడెక్కడ తేడా ఉందో చూపిస్తుంది. వాడేవాళ్లు పెరిగారు, తప్పులు చూపిస్తూ వచ్చే ఈమెయిళ్లూ పెరిగాయి. కోడ్ మాత్రం ఎవరికీ చూపించలేదు. సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇక దీన్ని చూసుకునే తీరిక ఉండదు. అందరికీ తెరిచెయ్యాలి, లేదంటే ఆపెయ్యాలి. తెరవాలంటే నాతోపాటు బాధ్యత మోసే మనిషి కావాలి. అందరికంటే ఎక్కువ తప్పులు పట్టింది జోగయ్య. ఛత్తీస్‌గఢ్ చివర, కోంటాలో పిల్లలకు కంప్యూటర్ చెబుతాడు, సెలవులకు సొంతూరు గొల్లపల్లి వెళ్తాడు. ఫోన్లో అడిగితే, "మా ఊరికొచ్చి నడిపి చూపియ్యక్కా, అప్పుడు ఒప్పుకుంట" అన్నాడు. ఒప్పించకుండా తిరిగి రాకూడదని బయల్దేరాను.

శనివారం పొద్దున ఐదింటికి మా బచేలిలో బస్సెక్కి, దంతెవాడలో, సుక్మాలో మారి, కోంటా చేరేసరికి పన్నెండు దాటింది. బస్సులకు మొత్తం మూడు వందలు దాటలేదు. అక్కణ్ణుంచి షేర్ జీపు, ఎనభై రూపాయలు. నిండితే గానీ కదలదు.

"గొల్లపల్లిల ఏం చూస్తరు మేడం? జలపాతం లేదు, గుడి లేదు" అన్నాడు డ్రైవరు.

"ఒక మనిషిని ఒప్పించాలి."

"ఒప్పుకోకుంటే?"

"అక్కడే కూర్చుంటాను."

"అయితే రేపటి వాపసీ సీటు ఇప్పుడే రాయను" అని నవ్వాడు.

మూడింటికి చేరాను. జోగయ్య భార్య లచ్చిమి జావ ఇచ్చింది. చల్లగా, ప్రాణం లేచొచ్చింది. తర్వాత జోగయ్య పాత కంప్యూటర్లో నా పనిముట్టు పెట్టబోతే ఎక్కలేదు. మొదలుపెట్టగానే అది నెట్‌లోంచి ఏవేవో తెచ్చుకుంటుంది. ఆ ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"ఏందక్కా ఇది, నెట్ లేకుంటే లేవనే లేవదా? అందరిదీ చేస్తనంటివి గదా, అందర్ల మా ఊరు లేదా?" అన్నాడు జోగయ్య.

"ఇలాంటి చోట వాడతారని అనుకోలేదు."

"రెండేళ్ల కిందనే చెప్పిన. నువ్వు బాగు చెయ్యవు, కోడ్ ఇస్తే మేం చేసుకుంటమంటే ఇయ్యవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు అన్నట్టుంది!"

ఒళ్లు మండింది. మాట మాత్రం నిజం. అదేదో గొప్ప రహస్యమని దాచలేదు, నా గజిబిజి కోడ్ చూసి నవ్వుతారని దాచాను. లాప్‌టాప్ అతని వైపు తిప్పాను. నవ్వలేదు. వేలు పెట్టి వరసలు చదివాడు. నెట్ అడిగే భాగాలన్నీ ఒక్కొక్కటే పీకేశాం. కావలసినవన్నీ ఒకే ఫైల్లో కుక్కి, పెన్‌డ్రైవ్‌తో అతని కంప్యూటర్లో పెడితే ఐదున్నరకు నడిచింది.

వెంటనే ఇద్దరం ఊరి చివర సిగ్నల్ దొరికే మిట్ట ఎక్కాం. అక్కడ కోడ్ అందరికీ తెరిచాను. ఎవరైనా పంపే మార్పులను ఒప్పుకునే, తిప్పికొట్టే హక్కు జోగయ్యకూ ఇచ్చాను. మొదటి మార్పు, నెట్ లేకుండా నడిపేది, నేనే పంపాను. చదివి తిప్పికొట్టాడు.

"ఎట్ల వాడాల్నో రాయలే అక్కా. రాసి మళ్ల పంపు."

అక్కడే బండ మీద కూర్చుని రాశాను.

కోడ్ బయటపెట్టడం తేలికే. నా పని వద్దనే హక్కు ఇంకొకరి చేతిలో పెట్టడానికే ఆరేళ్లు పట్టింది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: బయల్దేరేముందు నెట్ ఆపేసి, మీ పనిముట్టును ఇంట్లోనే ఒకసారి నడిపి చూడండి. సోమవారం కొత్త ఉద్యోగంలో మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ తెరిస్తే, ఎవరో కొత్త తప్పు చూపించారు. దాని కింద జోగయ్య జవాబు అప్పటికే ఉంది. కాస్త కుళ్లుకున్నాను, తర్వాత కడుపునిండా తిన్నాను.