పలకాకు పందెం

మా వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా మా నాయనమ్మ పలకాకు తెంపి, అరచేతిలో నలిపి, ఆ పసరు గాయం మీద పిండాల్సిందే. వీధి మొత్తానికి ఆమె అవ్వ. చిన్నప్పుడు పలకలు తుడుచుకున్న ఆ ఆకునే నేను నిజామాబాద్ కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఎంచుకున్నాను. పుండ్లలో చీము పట్టించే క్రిములను అది చంపుతుందా లేదా అన్నది తేల్చాలి. నా మార్కులన్నీ దాని మీదే.

అప్పుడే బోధన్ దగ్గరి మా చేనులో చెరుకు మోడు అవ్వ మడమలో దిగింది. తనే పసరు పిండుకుంది. నాలుగో రోజుకు చీము పట్టి పాదం బూరెలా పొంగింది. దవాఖానకు పద అంటే వినదు.

"ఊరోళ్ల పుండ్లన్ని నేను మాన్పిన. ఇప్పుడు నేనే సూది కోసం పోతే నా ఇజ్జత్ ఏంగావాలె?"

నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. పందెం కట్టాను. నీ చీములోని క్రిములనే గాజు పళ్లెంలో పెంచుతాను, ఒకవైపు నీ పసరు, ఇంకోవైపు డాక్టర్ల మందు పెడతాను, క్రిములు చచ్చినంత మేర తేటగా గుండ్రం పడుతుంది, ఎవరి గుండ్రం పెద్దదైతే వాళ్ల మాట చెల్లాలి అన్నాను. చీము తీసుకొమ్మని అవ్వ వెంటనే కాలు చాపింది.

మర్నాడు కాలేజీలో పళ్లెం తెరిచి చూస్తే మందు చుట్టూ గుండ్రం ఉంది. ఆకు చుట్టూ ఏమీ లేదు. గెలిచానని ఫోన్ చేస్తే పసరు ఎట్ల తీసినవని అడిగింది. నీళ్లలో మరిగించానన్నాను.

"మరిగిస్తివా! గదేమన్న చారా? పచ్చిగ నలుపాలె బిడ్డా. గీ పందెం చెల్లదు!"

పుట్టినప్పటి నుంచి ఆమె చేతుల్లో చూస్తున్న పని అది. సిగ్గేసింది. మళ్లీ పెట్టాను. ఆ ఒక్కరోజు నా అవస్థ అడగొద్దు. ఆకు ఓడితే ప్రాజెక్టు మునుగుతుంది, గెలిస్తే అవ్వ దవాఖానకు రాదు. నా ఆకే ఓడాలని మొక్కుకున్నాను.

ఈసారి పచ్చి పసరు చుట్టూ కూడా గుండ్రం పడింది, చిన్న బొట్టుబిళ్లంత. మందు గుండ్రం మాత్రం రూపాయి బిళ్లంత ఉంది. ఫోటో తీసుకుని బస్సెక్కాను.

అవ్వ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ముఖం వెలిగింది.

"చిన్నదైనా పడ్డది గద! సరే, ఆటోను పిలువు."

డాక్టరు చీము తీసి మడమ కడుగుతుంటే కూడా ఊరుకోలేదు. "నాది గుడ మందే సారూ. జర గుండ్రం చిన్నది" అంది. ఆయన నవ్వాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పాదానికే ముప్పు వచ్చేదని నాతో విడిగా చెప్పాడు.

మడమ మానింది. ప్రాజెక్టూ గట్టెక్కింది. మొన్న పక్కింటాయన చీము పట్టిన వేలితో వచ్చి పసరు పిండమన్నాడు. అవ్వ ఆ వేలిని తిప్పి తిప్పి చూసి, చెప్పులు వేసుకుంది.

"దీనికి నా గుండ్రం సాలదు. దవాఖానకు నడువు, తోడు నేనొస్త."