ప్లాసిబో పుట్టిన కీర్తన

ఫార్మసీలో ముప్పై ఏళ్లు నిలబెట్టి, నేటికీ జ్ఞాపకం చెదరనివ్వని ప్రభువుకు స్తోత్రం.

కోవిడ్‌కు రెండేళ్ల ముందు పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో ఔషధ ప్రయోగాల సమన్వయకర్తగా చేరాను. ఈ ప్రయోగాల్లో ఒప్పుకున్న రోగుల్లో సగం మందికి కొత్త మందు, మిగతావారికి అదే రూపంలో మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకూ తెలియదు. ఆ మందు లేని మాత్రే ప్లాసిబో. ఇదంతా రోగికి వివరించి, కెమెరా ముందు సంతకం తీసుకోవడం నా పని.

అమీర్‌పేటలో అనువాదం చేయించిన సమ్మతి పత్రంలో ఆ మాటను ‘ప్లాసిబో’ అనే వదిలేశారు. ‘మందు లేని మాత్ర’ అని మార్చమని మూడుసార్లు రాశాను. ప్రయోగాలకు అనుమతినిచ్చే కమిటీ ఆమోదించిన ప్రతిలో అక్షరం కదపకూడదని మూడుసార్లూ అదే జవాబు.

సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే యాదగిరి, షుగర్ వల్ల అరికాళ్ల మంటతో వచ్చాడు. రోజంతా నిలబడి చేసే పని. మంట తగ్గకపోతే పని పోతుంది. ప్లాసిబో అంటే ఏందని అడిగాడు.

ఒక్క వాక్యంలో తేలే సంగతి. కాని ఆ మాట లాటిన్ బైబిలులోని ఒక కీర్తనలోదని నాకు తెలుసు. ‘ప్రభువును సంతోషపెడతాను’ అని భావం. చనిపోయినవారి కోసం జరిగే ఆరాధనలో దాన్ని పాడేవారనీ, విందు కోసం వచ్చి దొంగ ఏడుపు ఏడ్చేవారికి ఆ పేరు పడిందనీ, చివరికి రోగి తృప్తి కోసం ఇచ్చే మాత్రకు చేరిందనీ సండే స్కూలు పాఠంలా చెప్పాను. యాదగిరి చేతులు కట్టుకుని విని సంతకం పెట్టాడు. లేస్తూ అన్నాడు:

“మేడం, నాకు గా దేవుని పాట గోలియే ఇప్పియ్యుండ్రి. తీర్థం లెక్క పనిచేస్తది.”

అర్థం కాకుండా పెట్టిన సంతకం చెల్లదు. మళ్లీ కూర్చోబెట్టాను. అందులో మందే ఉండదనీ, అతనికి అదే రావచ్చనీ, ప్రయోగం జరిగే ఆరు నెలలూ మంట అలాగే ఉండవచ్చనీ చెప్పాను.

“అంటే వట్టి గోలి. గీ ముక్క ముందుగాల చెప్తే అయిపోవు గద. నిలబడి పనిచేసెటోన్ని మేడం, వట్టి గోలి మీద ఆర్నెల్లు నిలబడ్తనా?”

సంతకం వెనక్కి తీసుకుని, మామూలు మందు రాయించుకోవడానికి ఓపీకి వెళ్లిపోయాడు. రికార్డింగు చూసిన డాక్టరు, సమ్మతి తీసుకోమంటే సువార్త చెప్పారేంటి మేడం అన్నారు. తప్పు జరిగిందని నివేదిక నేనే రాసి పంపాను.

పత్రం మారలేదు. మాట ఎక్కడ పుట్టిందో రోగికి అక్కర్లేదు, అది తన ఒంటికి ఏం చేస్తుందో కావాలి. రిటైరయ్యేదాకా ప్రతి రోగికీ ముందు ఆ సంగతే చెప్పాను. తెలిసిందంతా చెప్పేయాలనే ఆత్రం నుంచి, ఇప్పుడు నా కుర్చీలో ఉన్నవారిని దేవుడు కాపాడాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.