మా ఏడో తరగతి గదిలో నాన్న

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఎండాకాలంలో అని మొదలుపెడితే, అదేమైనా తెల్లదొరల కాలమా అని మా తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ. ఇంటికి పెద్దపిల్లని, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ వేసవి దాటాక మళ్ళీ చిన్నపిల్లగా ఉండటం నా వల్ల కాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా భావనపాడుకు కాస్త దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మాలాంటి కొన్ని ఇళ్ళ మగవాళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో బోట్ల మీద కూలికి చేపల వేట చేస్తారు. ఆ ఏడు దేశమంతా మూసేసినప్పుడు మా నాన్న అక్కడి రేవులో, బోటు మీదే నెలపైగా చిక్కుకుపోయాడు. చివరికి బస్సుల్లో తీసుకొచ్చి అందరినీ మా బడిలో దింపారు. పద్నాలుగు రోజులు బయటికి రాకూడదన్నారు. నాన్నకు మా ఏడో తరగతి గది దొరికింది.

పొద్దున్నే అమ్మ గేటు దగ్గర క్యారేజీ పెట్టి వెళ్ళేది. నేను ప్రహరీ ఇవతల నిలబడి, కిటికీలో ఉన్న నాన్నతో మాట్లాడేదాన్ని. నాన్న ఎప్పుడూ బడికి వెళ్ళలేదు. ఊరికే కూర్చోలేక గోడల మీది బొమ్మలన్నీ చూడసాగాడు. ఊపిరితిత్తులు రెండెందుకు, చంద్రుడు ఎందుకు తరుగుతాడు, అన్నీ కావాలి ఆయనకు. అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది భారతదేశం పటం.

“ఆకాడ సూరుడు నీట్లో ములిగిపోతాడే. మనకాడ నీట్లోంచి లెగుస్తాడు. రెండూ ఒక్క సముద్రమేటి?” అని అడిగాడు.

మా పల్లెలో నీళ్ళ మీంచి చూస్తే ఒడ్డు ఎటుంటే అటే పడమర. గుజరాత్ వెళ్ళిన మొదటి ఏడు, పడమరకు తిప్పమంటే నాన్న బోటును ఒడ్డుకేసి తిప్పి తిట్లు తిన్నాడట. పదేళ్ళుగా ఎవరినీ అడగలేకపోయిన ఆ తికమక నా ముందు పెట్టాడు. అది దేశానికి పడమటి ఒడ్డు, మనది తూర్పు ఒడ్డు, నీళ్ళు కింద కలుస్తాయి అని నేను మా టీచరులా గొంతు పెంచి చెప్పాను. ఆయన గుజరాత్ మీద వేలు పెట్టి, అంచు వెంబడే కిందికి దిగి, కన్యాకుమారి చుట్టి, మన జిల్లా దగ్గర ఆగాడు. ఇలాగైతే బోటులోనే ఇంటికి వచ్చేసేవాళ్ళం కదా అని నవ్వాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఊళ్ళో మాత్రం మా పరిస్థితి వేరు. గుజరాత్ వాళ్ళ బిందెలంటూ మావి కుళాయి దగ్గర పెట్టనివ్వలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు నాన్న పట్టి తెచ్చిన చేపలు పంచుకు తిన్నవాళ్ళే మా గుమ్మం ముందు బ్లీచింగ్ చల్లారు. నాతో ఆడేవాళ్ళు మానేశారు. శ్రీకాకుళం నుంచి అమ్మమ్మగారింటికి వచ్చి ఉండిపోయిన ఒక పిల్ల మాత్రం, మా నాన్న బడిలో ఉన్న సంగతి తెలియక, నాతో తిరిగేది. ఆ పిల్ల కూడా పోతుందేమోనని రోజూ భయపడేదాన్ని.

ఎనిమిదో రోజు ఇద్దరం సరుగుడు తోటకు వెళ్తున్నాం. బడి గోడ పక్కనుంచే దారి. కిటికీలో నన్ను చూడగానే నాన్న ముఖం వెలిగింది. ఏదో కొత్త ప్రశ్న దాచుకుని ఉన్నాడు. అంతలో ఆ పిల్ల, వీళ్ళలో మీ నాన్న కూడా ఉన్నారా అని అడిగింది.

“నేదు. మా నాన్న ఇంకా రానేదు,” అన్నాను.

కిటికీ పది అడుగుల దూరం కూడా లేదు. నాది అచ్చం నాన్న పోలిక, ఎవరు చూసినా ఇట్టే పట్టేస్తారు. ఆయన నన్ను పిలవలేదు. మెల్లగా గోడవైపు తిరిగి, ముఖం మాకు కనబడకుండా, మేము వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాడు.

మిగిలిన రోజులు తలనొప్పి అని అమ్మకు చెప్పి అటు వెళ్ళలేదు. బడిలో ఉన్న ఒక్కరికీ జబ్బు తేలలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ, మన గుంట నాకు పాఠాలు సెప్పిందే అని నాన్న అమ్మతో గొప్పగా చెప్పాడు. నేను కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

బ్లీచింగ్ చల్లినవాళ్ళు ఇప్పుడు పెళ్ళిళ్ళకు పిలుస్తారు. అమ్మ వెళ్తుంది, నేను వెళ్ళను. నాకు వాళ్ళ మీద కోపం పోలేదు. కానీ కుళాయి దగ్గర వాళ్ళు అన్నదానికంటే గోడ దగ్గర నేను అన్నదే పెద్ద మాటని నాకు తెలుసు.

నాన్న ఇప్పటికీ గుజరాత్ వెళ్తాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఫోన్ చేస్తే ఈ రోజు ఏం చెప్పారని అడుగుతాడు. పిడుగు ఎలా పుడుతుంది, బోటులో పెట్టిన యంత్రానికి మేమున్న చోటు ఎలా తెలుస్తుంది, అడుగుతూనే ఉంటాడు. ఆ రోజు అలా ఎందుకన్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏడ్చేసి తేలికపడేదాన్ని. ఫోన్ పెట్టేముందు, ఇంకేమైనా అడగాలా నాన్నా అని నేనే అంటాను.

“ఏటీ నేదే,” అంటాడు.