సువార్తమ్మ సాలు

నా పేరు నగ్మా. మంగళగిరిలో ఒక చిన్న ఆఫీసులో వీడియో గేములకి బొమ్మలు గీస్తాను. తుపాకులు పేల్చేవి కావు, కథ నడిపించుకుంటూ ఆడేవి. ఈ మధ్య ఎవరు పరిచయమైనా ఒకటే ప్రశ్న. "ఆ 'కళ్ళు తుడుచుకోండి' అన్న డైలాగు రాసినమ్మాయి మీ ఆఫీసేగా?" అని. సగంమంది ఆ అమ్మాయికి తమ తరఫున దండం పెట్టమంటారు. మిగతా సగంమంది నాలుగు తిట్టి రమ్మంటారు. రెండు రకాలవాళ్ళని చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట ఆ అమ్మాయి రాయలేదు. చెప్పి చెప్పి నోరు పడిపోయింది గానీ ఒక్కరూ చెవిన పెట్టలేదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను.

అమ్మాయి పేరు మహిమ. ఊరు పర్చూరు దగ్గర పల్లె. వాళ్ళమ్మ రెబ్కా మిరపకోతల ముఠాకి పెద్ద. మహిమ చీరాలలో డిగ్రీ చదువుకుంటూనే సెలవుల్లో అమ్మతోపాటు కోతలకి వెళ్ళేది, చర్చికి క్రిస్మస్ నాటికలు రాసేది. ఆ నాటికల్లో గొర్రెల కాపరులు అచ్చం వాళ్ళ ఊరివాళ్ళలాగే కసురుకుంటూ మాట్లాడతారని పాస్టరు గారికి కాస్త కోపం, ఊరికి మహా ఇష్టం. మా ఆఫీసుకి వచ్చిన కొత్తలో మనిషి ఉందో లేదో తెలిసేది కాదు. రాసిన వాక్యం నచ్చకపోతే చున్నీ కొస నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చునేది. ఆ వాక్యం కుదిరేదాకా టీ చల్లారిపోతున్నా పట్టించుకోదు.

మా ఆఫీసంటే చేనేత చీరల కొట్టు పైన రెండు గదులు. యజమాని చైతన్యకృష్ణ. మంచివాడు కాదని నేను అనను, జీతం ఒకటో తారీఖున ఇస్తాడు. కానీ అంతకుముందు ఆయన తీసిన గేము కింద ఎవడో ఒకడు, "కథ బాగుంది, రాత చచ్చుగా ఉంది" అని రాశాడు. వాడెవడో ఏ ఊరివాడో తెలీదు. ఆ ఒక్క ముక్క ఈయన గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఈసారి రాత గురించే జనం మాట్లాడుకోవాలని పట్టుబట్టి మహిమని తీసుకున్నాడు.

అలా మొదలైంది 'ఎర్ర సాళ్ళు'. ఆడేవాళ్ళు ఒక కోతల ముఠాలో కొత్తగా చేరిన పిల్ల అవుతారు. సాలు పట్టుకుని కాయ కోస్తూ, పక్క సాలులో ఉన్నవాళ్ళతో కబుర్లు చెబుతూ ఒక పంటకాలం గడుపుతారు. ఎవరితో మాట్లాడితే వాళ్ళ కథ తెలుస్తుంది. ఎక్కువ కథ సువార్తమ్మది. సువార్తమ్మ మహిమకి సొంత పెద్దమ్మ. ఆవిడ ఎకసెక్కాలు, ఆవిడ కోపం, అన్నం క్యారేజీ మూత తీసి పక్కవాళ్ళ కూర మీద వంకలు పెట్టడం, అన్నీ మహిమ దించేసింది. కథ చివర్లో సువార్తమ్మ చనిపోతుంది. నిజంగానూ అలాగే, కోతల మధ్యలోనే పక్షవాతం వచ్చి పోయిందావిడ.

వాళ్ళ ముఠాలో ఒక పద్ధతుంది. కోతల కాలంలో ముఠా మనిషి పోతే, మట్టి చేసి వచ్చి మళ్ళీ చేలో దిగిన రోజున ఆ మనిషి పట్టాల్సిన సాలు వదిలేస్తారు. మిగతా చేనంతా అయ్యాక అందరూ కలిసి ఆ సాలులో దిగుతారు. అప్పుడు ఎవరూ మాట్లాడరు, పాడరు. అది అయిపోగానే ఇళ్ళకి వెళ్ళిపోతారు. పెద్దమ్మ సాలులో మహిమ కూడా దిగింది.

"మరి ఏడుపొస్తే ఏం చేస్తారే?" అని అడిగాను, బొమ్మ గీయాలిగా.

"ఏం చేస్తాం, కారనిస్తాం. కాయ కోసిన చేత్తో కన్ను ముట్టుకుంటే ఇంక ఆ పూట చూపుండదు. మరీ ఆగకపోతే జబ్బకి రుద్దుకుంటాం," అంది.

చివరి సీను అలాగే చేశాం. మాట లేదు, పాట లేదు. కాయ తెగే చప్పుడొక్కటే. ఆడేవాళ్ళు సాలు మొదలునుంచి చివరిదాకా కోసుకుంటూ వెళ్ళాలి. ఆడవాళ్ళ కన్నీళ్ళు గడ్డం దాకా కారుతుంటాయి. ఒక్క చెయ్యి పైకి లేవదు. నేను గీసిన బొమ్మలన్నిట్లో నాకు నచ్చినవి అవే.

చైతన్యకృష్ణ చూశాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"సీను బాగుంది మహిమా. రాత ఏది?"

"ఇదే రాతండి."

"ఇందులో ఒక్క మాట కూడా లేదుగా."

"వాళ్ళు మాట్లాడరండి."

"అది నిజం చేలో. ఇది గేము. అంతసేపు ఆడి చివరికొచ్చినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. వాడు ఫోటో తీసి పదిమందికి పంపుకునే మాట ఒకటి ఉండాలి."

"ఇప్పటిదాకా రాసినవన్నీ మాటలేగా అండి."

"అవి కబుర్లు. నీళ్ళ క్యాను ఎక్కడుంది, నీ కూరలో ఉప్పెక్కువైంది... ఇవి ఎవరైనా రాస్తారు."

ఎవరైనా రాస్తారంట. ఆయన్ని రాయమనండి చూద్దాం. సువార్తమ్మ కూరకి వంక పెట్టిన తీరు చూసి ఆవిడంటే ఇష్టం పుట్టబట్టే కదా చివర ఆ వదిలేసిన సాలు కనపడగానే ఏడుపొచ్చేది. ఆ ముక్క నేను ఆయన మొహం మీదే అన్నాను. బొమ్మలు నీ పని, రాత సంగతి నీకెందుకన్నాడు.

మర్నాటికి ఆయనే రాసుకొచ్చాడు. చచ్చిపోయిన సువార్తమ్మ గొంతు చేలో వినిపిస్తుంది. "ఏడవకండి. నేనెక్కడికీ పోలేదు. ఈ ఎరుపులో ఉన్నాను, ఈ మట్టిలో ఉన్నాను. కళ్ళు తుడుచుకోండి. మీరు తుడిచిన ప్రతి కన్నీటి చుక్కలో నేను గింజనై మొలుస్తాను." అప్పుడు ఆడవాళ్ళందరూ రెండు చేతులతో కళ్ళు తుడుచుకుని ఆకాశం వైపు చూడాలి.

మహిమ చున్నీ నమలడం ఆపేసింది. "కారం చేతులండి," అంది.

"అది సింబాలిక్."

"సింబాలిక్ అయినా మండుద్దండి."

"మాది మిరప రైతుల కుటుంబమే, నాకు తెలీదా?" అన్నాడు. గట్టు మీద నిలబడి చూసినవాడికి ఎంత తెలుస్తుందో అంతే తెలుసు ఆయనకి. ఆ చేతులు కళ్ళ దాకా వెళ్ళే బొమ్మలు నేను గీయనన్నాను. బయట ఎవరితోనో గీయించుకున్నాడు. కనీసం తన పేరు తీసేయమంది మహిమ. ఆయన నిజంగా బాధపడ్డాడు. "అదేంటి మహిమా, నేను రాసిన మాట కూడా నీ పేరుకే ఇస్తున్నాను. ఇంకెవడిస్తాడు చెప్పు?" అన్నాడు. దానం చేస్తున్నాననే అనుకుంటున్నాడు ఆయన. అలాంటివాడితో ఎలా పోట్లాడతాం?

గేము బయటికొచ్చింది. ఆయన కోరుకున్నట్టే రాత గురించే జనం కొట్టుకున్నారు. ఆ ఐదు వాక్యాలు ఎర్ర రంగు కాగితాల మీద వేసుకుని ఊరేగించారు కొందరు. తెలుగులో ఇంత గొప్ప రాత గేముల్లో రాలేదన్నారు. అంతదాకా చక్కగా మాట్లాడిన మనుషులు చివర్లో ఒక్కసారిగా పుస్తకం చదివినట్టు మాట్లాడారేంటని మరికొందరు అడిగారు. అడిగినవాళ్ళకి సాహిత్యం తెలీదన్నారు. ఆ గొడవ ఒక ఎత్తు. దాచేపల్లి వైపు కుర్రాడొకడు వీడియో పెట్టాడు, వాళ్ళమ్మ కూడా కోతలకి వెళ్తుందట. "మిరప చేలో చేత్తో కళ్ళు తుడుచుకునే మనిషిని నేను పుట్టాక చూళ్ళేదు. ఇది రాసినావిడ ఏసీ గదిలో కూర్చుని మన బతుకులు అమ్ముకుంటోంది," అన్నాడు.

వాడు అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు, తిట్టిన మనిషి తప్ప. మహిమ ఆ వీడియో పదే పదే చూసింది. వాడి కోసమే రాశాను కదా అక్కా అంది నాతో. దాని కింద, "ఆ మాట నాది కాదు తమ్ముడూ," అని రాసింది. చప్పట్లు నీకూ తిట్లు వేరేవాళ్ళకా అని పదిమంది మీద పడ్డారు. ఆ తరవాత ఆ పిల్ల అక్కడ నోరు తెరవలేదు.

ఆ వీడియో తిరిగి తిరిగి ముఠా ఆడవాళ్ళ ఫోన్లకి చేరింది. చేలో ఎవరి కంట్లో కారం పడినా పక్క సాలులోంచి ఒకావిడ, "తుడుచుకోవే, రెబ్కా కూతురు తుడుచుకోమందిగా," అనడం, అందరూ నవ్వడం. అది సరదాకే. కానీ చర్చిలో ఒకావిడ, ప్రభువు దగ్గరికెళ్ళిన సువార్తమ్మని చేలో తిరిగే దయ్యాన్ని చేసింది మహిమ అంది. అది సరదా కాదు. రెబ్కా ఫోన్ చేసింది.

"కారం చేత్తో కన్ను ముట్టుకోకూడదని నీకు తెలీదా? ఆ సాలులో నువ్వూ ఉన్నావుగా."

"నేను రాయలేదమ్మా."

"మరి నీ పేరుందంటగా."

తల్లి నమ్మలేదు. ఎలా నమ్ముతుంది, రాయనిదానికి పేరు పెడతారని ఆవిడకి ఎవరు చెప్పారు? వారం వారం చేసే ఫోన్లు తగ్గిపోయాయి. మహిమకి ఇంక రివ్యూలతో, పొగడ్తలతో పనిలేకుండా పోయింది. అమ్మ నమ్మాలి, అంతే.

అప్పుడే హైదరాబాదులో ఇలాంటి గేములు చేసేవాళ్ళ సభలో మంచి రాతకిచ్చే బహుమతి 'ఎర్ర సాళ్ళు'కి వచ్చింది. వెళ్ళనంటుందనుకున్నాను. వెళ్తాను, అమ్మ కూడా రావాలంది. రెబ్కా ఆదివారం ఆరాధన మానేసి తెల్లచీర కట్టుకుని వచ్చింది. ముందు వరసలో నా పక్కనే కూర్చుంది. ఒకతను ఆ ఐదు వాక్యాలూ మైకులో వణుకుతున్న గొంతుతో చదివాడు. "కళ్ళు తుడుచుకోండి" దగ్గర రెబ్కా తల దించుకుంది.

మహిమ వేదికెక్కి మైకు తీసుకుంది. తల్లి వైపే చూస్తూ చెప్పింది. "ఆ మాట నాది కాదండి. నేను రాయలేదు. మేము అలా మాట్లాడం."

చైతన్యకృష్ణ లేచి పక్కకొచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. "గొప్ప రచయితలందరూ ఇలాగే అంటారు. ఈ మాట నాది కాదు, ఆ చేలో ఉన్న అమ్మలది అని," అన్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. ఎంత వినయమో అని నా వెనక ఎవరో కళ్ళు ఒత్తుకున్నారు. తిట్టినప్పుడు కాదంటే పిరికిదన్నారు, పొగిడినప్పుడు కాదంటే వినయమన్నారు. నేను లేచి అరుద్దామనుకున్నాను. అరిచినా ఆ చప్పట్లలో వినపడదు.

బయటికొచ్చాక రెబ్కా నన్ను పక్కకి పిలిచింది.

"ఏం నగ్మమ్మా, అది నిజమే చెప్పిందిగా?"

"నిజమే ఆంటీ."

"మరి నిజం చెబితే చప్పట్లెందుకు కొట్టారు?"

మళ్ళీ తనే, "అది రాసింది ఎక్కడన్నా ఉందా?" అని అడిగింది. నా పాత కంప్యూటర్లో ఉందన్నాను.

ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం నేనూ మహిమా దాన్ని పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాం. ముఠా ఆడవాళ్ళు చర్చినుంచి తిన్నగా రెబ్కా ఇంటికి వచ్చారు. కుర్చీ మీద కంప్యూటరు పెట్టి మొదలుపెట్టాం. మొదట్లో సువార్తమ్మ ఎకసెక్కాలకి ఇల్లెగిరిపోయేలా నవ్వారు. అది నన్నన్న మాటే అంది ఒకావిడ. తరవాత ఆ వదిలేసిన సాలు వచ్చింది. మహిమ ఆటని సాలు మొదట్లో ఆపి మౌస్ తల్లి చేతికిచ్చింది. రెబ్కా ఒక్కో కాయా కోసుకుంటూ వెళ్ళింది. నవ్వులు ఆగిపోయాయి. కాయ తెగే చప్పుడొక్కటే వినిపించింది.

నేను వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. అందరూ ఏడుస్తున్నారు. అన్నీ శుభ్రంగా కడుక్కున్న చేతులే, ఆదివారం చేలోకి ఎవరు పోతారు. అయినా ఒక్కరూ చేత్తో కన్ను ముట్టుకోలేదు. జబ్బ పైకెత్తి జాకెట్టు చేతికి రుద్దుకున్నారు.

సాలు అయిపోయింది. రెబ్కా మౌస్ వదల్లేదు.

"ఇదుండగా అది ఎందుకు పంపారే? ఇది చూపించలేదా వాళ్ళకి?"

"చూపించానమ్మా," అంది మహిమ. "ఇందులో రాత లేదన్నారు."