గ్రహణం లేని రోజు నిలబడ్డ రోకలి

మా చిన్నప్పుడు... సూర్యగ్రహణం పట్టిందంటే గుమ్మడిదల దగ్గర మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. బిందెల మీద గరిక వేసేవాళ్లు. నాన్న మాత్రం షిఫ్టుకు వెళ్లేవాడు... గ్రహణానికి కంపెనీలో సెలవుండదు కదా!

నాయనమ్మ ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టేది. గ్రహణం ఉన్నంతసేపు దానంతటదే నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మా అందరి నమ్మకం.

ఆ ఏడు మా చిన్నమ్మ నిండు గర్భిణి. తలుపులన్నీ మూసి, చీకటి గదిలో పడుకోబెట్టారు. ఒకటే ఉక్క...

"అత్తా, దూపైతాంది. జెర నీళ్లియ్యి" అంది లోపలి నుంచి.

"బిడ్డకు మొర్రి వస్తది. గ్రహణమే లేకుంటే రోకలి గట్ల నిలవడ్తదా? అది పడేదాక నీళ్లు ముట్టొద్దు" అంది నాయనమ్మ.

నాకు ఒళ్లు మండింది. నేను ఊరికే నమ్మే రకాన్ని కాదు లెండి, ఇప్పటికీ అంతే.

మర్నాడు నాయనమ్మ చేనుకు పోగానే రోకలి దించి, అదే తాంబాళంలో నిలబెట్టి చూశాను. ఒకసారి జారింది, ఇంకోసారి ఒరిగింది... తర్వాత చక్కగా నిలబడింది. అడుగు చదునుగా ఉంటే నిలబడక ఏం చేస్తుంది?

చిన్నమ్మ వచ్చి చూసి, "మరి నన్నెందుకు ఎండవెట్టిండ్రు?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది.

నాయనమ్మ చేను నుంచి వచ్చి, ముందు తలెత్తి సూర్యుణ్ణి చూసింది. తర్వాత రోకలిని వేలితో నెట్టి పడేసి, తనే మళ్లీ నిలబెట్టింది. నిలబడింది. "ఎవ్వలకు చెప్పకు" అని లోపలికి పోయింది.

చిన్నమ్మకు పండంటి కొడుకు పుట్టాడు. రెండో కాన్పప్పుడు మళ్లీ గ్రహణం వచ్చింది. నాయనమ్మ ఎప్పటిలాగే రోకలి నిలబెట్టింది... కానీ చెంబుతో నీళ్లు తీసుకుని తనే గదిలోకి వెళ్లింది.

"తాగు బిడ్డా. రోకలి ఏ దినమైనా నిలవడ్తది. దూప ఆగది."

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ మొదటి గ్రహణం నాడు చిన్నమ్మ కడుపులో ఉన్న తమ్ముడు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. నిన్న ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు... గ్రహణంలో నిలబడ్డ రోకలి, 'సైన్స్‌కే అంతుచిక్కని రహస్యం' అని! కింద, ఏడో నెల గర్భిణి అయిన భార్యకు ఓ మాట: 'ఈసారి గ్రహణం నాడు నీళ్లు గూడ ముట్టకు'.

ఫోన్ చేసి, "మామూలు రోజు నిలబెట్టి చూడరా" అన్నాను.

"ఇంట్ల రోకలి ఏడున్నదక్కా?" అన్నాడు.

నిజమే... మిక్సీలు వచ్చాక రోకళ్లు ఎటు పోయాయో. అప్పట్లో నమ్మకమూ ఇంట్లోనే ఉండేది, దాన్ని పరీక్షించే వస్తువూ ఇంట్లోనే ఉండేది.

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు మీలో ఎవరింట్లోనైనా పాత రోకలి ఉంటే చెప్పండి... ఒక్క పూటకు ఇస్తే చాలు. వాడి ముందు నిలబెట్టి, మా మరదలికి చెంబెడు నీళ్లిచ్చి వస్తాను.