పుస్తకానికి పెట్టిన బొట్టు తుడుస్తారంట

పొద్దున పుంగనూరులో మా ఇంటికి మదనపల్లె నుంచి ఒకమ్మాయి కెమెరా, ల్యాప్‌టాప్ తెచ్చుకుని వచ్చింది. దేశదేశాల పిల్లల పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారట. ఊళ్ళో ఎవరో చెప్పారట, చిన్నప్పుడు నేను చదివిన బొమ్మల కథల పుస్తకం కావాలంది. నా చదువంతా ఆ ఒక్క పుస్తకమే.

చింతపండు అంగడి నడిపినవాణ్ణి. కొసరు కూడా సరుకు కొన్నాకే వేసేవాణ్ణి. ఉచితమంటే నాకు అనుమానం.

"దీంట్లో నీకేం మిగుల్తాదమ్మా?"

"ఏమీ లేదు తాతా. పిల్లోళ్ళు సదువుకుంటారు, అంతే."

"అంతదానికే ఈ ఎండలో బస్సెక్కి వస్తివా?"

పుస్తకం గడప దాటకూడదన్నాను. నట్టింట్లోనే ఫోటోలు తీసింది. నేను పక్కనే కాపలా కూర్చున్నాను.

ఏటా దసరా పూజలో మా ఆవిడ ఆ పుస్తకం మొదటి పేజీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది.

"ఈ మరక కంప్యూటర్లో తుడిచేస్తాం తాతా, బొమ్మ బాగా కనిపిస్తాది" అంది ఆ అమ్మాయి.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చేసింది. "మరకంట మరక! పచ్చని ఇంట్లో బొట్టు తుడుస్తావా? యాల తుడవాల?"

"తుడవనులే అవ్వా, ఉండనీ."

ఆ పేజీని ఉన్నదున్నట్టు ల్యాప్‌టాప్‌లో చూపించి వెళ్ళింది. అయినా నాకు నమ్మకం లేదు. ఊరు దాటాక తుడిచేస్తే నాకేం తెలుస్తుంది? అందుకే నెట్ సెంటర్‌లో టైపు చేయించి ఇది పెడుతున్నాను. మీలో ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే, మా ఆవిడ బొట్టు ఉందో లేదో చూసి చెప్పండి.