నల్లపూసలకు పనికొచ్చిన చెయ్యి

తెల్లదొరల రోజుల్లో మా కడపలో ఆడపిల్లల బడి కోసం నేను చేసిన కచేరీలు ఇప్పుడెవరికీ గుర్తులేవు. మరిచిపోదామన్నా నా కడుపుమంట నన్ను మరవనివ్వదు.

మాది భోగం ఇల్లు. మా అమ్మ నాకు పాటా, పాటకు సరిపడా చదువూ నేర్పింది. నా బిడ్డ మాత్రం సభల్లో పాడకూడదు, బడిలో చదివి పంతులమ్మ కావాలి. అదొక్కటే నా కోరిక. అప్పుడే ఒక ప్లీడరు గారు మా ఇంటికొచ్చారు. ఆడపిల్లలందరికీ చదువుకునే హక్కుందని ఊరూరా సభలు పెట్టే మనిషి.

"బడి కట్టల్లమ్మా. నువ్వు పాడితే జనం వస్తారు, చందాలు వస్తాయి," అన్నారు.

"నా బిడ్డను చేర్చుకుంటారా అయ్యా?"

"అదేం మాటమ్మా! మొదట చేరేది నీ బిడ్డే."

ఆ మాట పట్టుకుని కడప, ప్రొద్దుటూరు, కర్నూలు తిరిగి పాడాను. ఫిడేలాయనా, మృదంగమాయనా ఊరికే వాయించారు. తాంబూలం తప్ప ఎవరమూ ఏమీ ముట్టలేదు. కర్నూలులో గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం తాగి మరీ మంగళం పాడాను.

బడి లేచింది. కొత్త పలక కొని బిడ్డను తీసుకుపోయాను. ప్లీడరు గారి భార్య గడపలోనే ఆపింది.

"ఏమనుకోవాకమ్మా. నీ బిడ్డ కూర్చుంటే మిగతావాళ్లు పిల్లోళ్లను పంపేది లేదంటాండారు."

ప్లీడరు గారు లోపలే ఉన్నారు. తలెత్తి నా మొహం చూస్తే ఒట్టు! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య.

ఆ మాఘంలోనే ఆయన కూతురి పెళ్లి. నాకోసం జట్కా పంపారు. మా ఇళ్ల ఆడవాళ్లకు వైధవ్యం లేదని, పెళ్లికూతురి నల్లపూసలు మా చేత గుచ్చించడం పెద్దిళ్ల ఆచారం. వెళ్లాను. బడి గడపలో నన్ను ఆపిన ఆవిడే పళ్లెంలో పూసలూ పసుపుదారమూ తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ చెయ్యి శానా మంచిదమ్మా. గుచ్చు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నా బిడ్డ పక్కన కూర్చుంటే మైలపడే పిల్లోళ్లు, నేను గుచ్చిన పూసలు మెడలో ఏసుకుంటే మైలపడరా తల్లీ?" అని పళ్లెం పక్కకు నెట్టి లేచాను.

ప్లీడరు గారు వాకిట్లోకి వచ్చారు. "శుభమా అని పెళ్లి జరుగుతాంటే ఇదేందమ్మా?" అన్నారు. బడి ఊసు అప్పుడు కూడా ఎత్తలేదు.

ఊరు నాకు పొగరంది. అననీ. మిగతా బడులూ అదే సాకు చెప్పాయి. చూసి చూసి, బిడ్డను నేనే తంబురా ముందు కూర్చోబెట్టాను. తల్లిని మించి పాడుతుందని ఇప్పుడందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్న ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది.